పాత ఆక్టేవియా ఆర్ఎస్‌కి ఏ స్పార్క్ ప్లగ్గులు వేయాలి? నాలుగు రకాలు వాడి చూశాక నా మాట

పోయిన మే నెలలో ఇంట్లోవాళ్లతో శ్రీశైలం వెళ్తున్నాను. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో ముందు ఒక లారీ నెమ్మదిగా ఎక్కుతోంది, ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది, దాటేద్దామని మూడో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. టర్బో అందుకునే చోట బండి ముందుకు దూకాల్సింది పోయి, దగ్గొచ్చిన మనిషిలా నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయినంత పని చేసింది. మీటర్‌లో ఇంజిన్ లైట్ ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటోంది. కాలు తీసేస్తే మళ్లీ మామూలే. మెల్లగా తొక్కితే ఏ గొడవా లేదు, గట్టిగా తొక్కితేనే మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోకపోవడం. వెనక సీట్లో అమ్మ, పిల్లలు, ఎదురుగా ఎప్పుడు ఏ బస్సు వస్తుందో తెలియని మలుపు. ఆ అర నిమిషం నాకు వచ్చిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ రివ్యూ ఇంత వివరంగా రాస్తున్నాను, ప్లగ్గులేగా ఏవైతే ఏంటి అని ఇంకెవరూ అనుకోకూడదని.

నా బండి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 2005 మోడల్. మన దేశంలో 2004లో వచ్చిన ఆ 1.8 లీటర్ల పెట్రోల్ టర్బోనే, సిలిండర్‌కి ఐదు చొప్పున 20 వాల్వులు, 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఇప్పుడు మీటర్ లక్షా ముప్పై ఎనిమిది వేలు దాటింది. ఇంజిన్ కంప్యూటర్‌లోని మ్యాప్ మార్చలేదు, కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. ఇదే ఇంజిన్ కుటుంబం అప్పటి ఆడి, ఫోక్స్‌వాగన్ బళ్లలో కూడా ఉంది కాబట్టి నేను చెప్పేది వాటికీ చాలావరకు వర్తిస్తుంది. ఫియట్ లీనియా టీ-జెట్ ఉన్నవాళ్లకి, ఫోక్స్‌వాగన్, స్కోడాల టీఎస్ఐ టర్బో బళ్లవాళ్లకి ప్లగ్ నంబర్లు పూర్తిగా వేరు, అవి మీ మాన్యువల్‌లోనే చూసుకోవాలి, కానీ ఎంచుకునే పద్ధతి మాత్రం ఇదే.

అసలు ఆ రోజు జరిగిందేంటంటే, ప్రయాణానికి వారం ముందు సర్వీసింగ్ చేయించి కొత్త ప్లగ్గులు వేయించాను. షాపులో నేను బీకేఆర్6ఈ అని అడిగితే వాళ్లు బీకేఆర్6ఈ-11 ఇచ్చారు. రెండూ ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గులే, డబ్బా రంగు ఒకటే, చూడ్డానికి ప్లగ్గు కూడా అచ్చం ఒకటే. చివరనున్న ఆ 11 అంకె అంటే గ్యాప్, అంటే ప్లగ్గు కొన దగ్గర సందు, 1.1 మిల్లీమీటర్లు అని. టర్బో లేని ఎన్నో బళ్లకి ఆ ప్లగ్గు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దానిలో తప్పేం లేదు. నా ఇంజిన్‌కి కావాల్సింది 0.8 దాటని గ్యాప్. విజయవాడ ఆటోనగర్‌లో నేను ఎప్పుడూ చూపించుకునే మెకానిక్ బాబాయ్ ప్లగ్గు బయటికి తీసి ఒక్క చూపు చూసి చెప్పాడు, "ప్లగ్గుకేం రోగం లేదు బాబూ, టర్బో బండికి ఇంత సందు పెడితే కరెంటు ఎలా దూకుద్ది" అని.

ఆ మాటలోనే మొత్తం సంగతి ఉంది. ప్లగ్గు చివర నడిమి ఎలక్ట్రోడ్‌కీ పక్క ఎలక్ట్రోడ్‌కీ మధ్య సందులో మెరుపు దూకాలి. ఆ సందులో గాలి ఎంత ఒత్తిడిగా ఉంటే దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. సందు పెరిగినా అంతే. టర్బో చేసే పనే సిలిండర్‌లోకి గాలిని కుక్కి పంపడం కాబట్టి, మెల్లగా వెళ్తున్నప్పుడు సరిపోయిన వోల్టేజీ గట్టిగా తొక్కినప్పుడు సరిపోదు. టర్బో గాలికి స్పార్క్ దీపంలా ఆరిపోతుంది అని చాలామంది చెప్తుంటారు, వినడానికి బాగుంటుంది గానీ ఎక్కువసార్లు జరిగేది అది కాదు, స్పార్క్ అసలు పుట్టదు. పుట్టని స్పార్క్ తాలూకు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, ప్లగ్గు పింగాణీ పక్క నుంచో, ప్లగ్గుకి వోల్టేజీ ఇచ్చే కాయిల్ రబ్బరు గొట్టంలో సన్నని చీలిక నుంచో ఇంజిన్ పైభాగమైన హెడ్డులోకి పోతుంది. పాత బండిలో కాయిల్స్ ఇరవై ఏళ్లవి అయితే ఈ తేడా ఇంకా త్వరగా బయటపడుతుంది. అందుకే పాత టర్బోకి ప్లగ్గు కొనేటప్పుడు మొదట చూడాల్సింది గ్యాప్, తర్వాత హీట్ రేంజ్, ఆ తర్వాతే కొన లోహం ప్లాటినమా ఇరీడియమా అన్న మాట. మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు, ముందు ఇరీడియం ఉందా అని అడుగుతారు.

హీట్ రేంజ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే డబ్బులు పోయేదీ ఇంజిన్ పోయేదీ ఇక్కడే. ప్లగ్గు ముక్కు భాగంలో తెల్లని పింగాణీ ఉంటుంది కదా, అది పొడుగ్గా ఉంటే మంటకి ఎక్కువ భాగం తగులుతుంది, ఆ వేడి హెడ్డులోకి దిగడానికి దూరం కూడా ఎక్కువ, కాబట్టి కొన వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. పింగాణీ పొట్టిగా ఉంటే వేడి తొందరగా దిగిపోతుంది, అది చల్లని ప్లగ్గు. కొన దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పట్టిన మసి కాలిపోయి తనంతట తాను శుభ్రమవుతుంది. 800 దాటి పైకి పోతే ప్లగ్గు కొనే నిప్పు కణికలా మారి, స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. టర్బో ఇంజిన్‌లో అలా ముందే అంటుకోవడం ఒకటి రెండుసార్లు గట్టిగా జరిగితే పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. అంటే మనకి కావాల్సింది ఈ రెండు అంకెల మధ్య ఉండే ప్లగ్గు, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడూ, హైవే మీద తొక్కుతున్నప్పుడూ.

ఎన్‌జీకే నంబర్లలో అంకె పెరిగితే చల్లన, అంటే 6 కంటే 7 చల్లన. డెన్సోలోనూ పెరిగితే చల్లనే, కానీ వాళ్ల లెక్క వేరు, ఎన్‌జీకే 6 కి డెన్సో 20, 7 కి 22 దగ్గరగా వస్తాయి. బాష్‌లో మొత్తం తిరగబడుతుంది, అక్కడ అంకె తగ్గితే చల్లన. షాపులో ఇది తెలియక 6 కి బదులు 6 అని ఇచ్చేవాళ్లున్నారు, రెండు కంపెనీల 6 ఒకటి కాదు. ఒక్కో అంకె మారితే కొన వేడి 70 నుంచి 100 డిగ్రీల దాకా మారుతుందని ఎన్‌జీకే చెప్తుంది. అలాగే ఇంజిన్‌కి 75 నుంచి 100 హార్స్‌పవర్ అదనంగా పెంచితే ఒక అంకె చల్లగా వెళ్లమని కూడా వాళ్లే చెప్తారు. ఇది గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇక నేను వాడిన ప్లగ్గులు.

మొదటిది పీఎఫ్ఆర్6క్యూ, ఎన్‌జీకే ప్లాటినమ్, ఈ ఇంజిన్‌కి కంపెనీ వాడిన రకం. బండి కొన్న కొత్తలో ఇవే వేశాను, దగ్గర దగ్గర యాభై ఐదు వేల కిలోమీటర్లు తిరిగాయి. వాటి గురించి చెడుగా చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. పొద్దున్నే ఒక్క తాళం తిప్పుకే స్టార్ట్, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, స్టీరింగ్ మీద చెయ్యి పెడితే ఇంజిన్ ఆన్‌లో ఉందా లేదా అన్నంత నెమ్మది, ఎంత తొక్కినా మిస్సింగ్ లేదు. ప్లాటినమ్ 1768 డిగ్రీల దగ్గర గానీ కరగదు, నికెల్ 1455 దగ్గరే కరుగుతుంది, అందుకే ప్లాటినమ్ కొన అరగడం చాలా నెమ్మది, గ్యాప్ ఏళ్లపాటు దాదాపు అలాగే ఉంటుంది. ఇబ్బంది దొరకడంలోనే. మామూలు షాపుల్లో ఉండవు, తెప్పించుకోవాలి. నాకు ఒక్కోటి ఎనిమిది వందల చొప్పున పడింది.

రెండోది బీకేఆర్6ఈ, చివర 11 లేనిది. అందరూ కాపర్ ప్లగ్గు అంటారు. నిజానికి రాగి అన్నిట్లోనూ ఉంటుంది, ప్లాటినమ్ ప్లగ్గు లోపలా వేడి లాగడానికి రాగి కడ్డీయే. దీనిలో బయటికి కనిపించే ఎలక్ట్రోడ్ నికెల్ మిశ్రమం, అదే తేడా. నాకు ఒక్కోటి రెండు వందల యాభై, నాలుగూ కలిపి వెయ్యి. ఘాట్ రోడ్డు గొడవ తర్వాత బాబాయ్ దగ్గర వేయించింది ఇవే, గ్యాప్ 0.7 కి తగ్గించి. ఆ సాయంత్రమే కనకదుర్గమ్మ వారధి దాటి గుంటూరు రోడ్డు మీద తీసుకెళ్లి నాలుగో గేర్‌లో రెండు వేల నుంచి పూర్తిగా తొక్కాను. ఒక్క కుదుపు లేదు. ఆ లాగడం చూసి, ప్లాటినమ్ వేసిన రోజుల్లో కూడా ఇలాగే ఉండేదా అని ఆలోచించాల్సి వచ్చింది. ఉండేది, కాకపోతే మధ్యలో వారం రోజులు పాడైన బండి నడిపాక మంచిది ఇంకా మంచిగా కనిపిస్తుంది కదా. నికెల్ అరుగుతుంది, పదిహేను వేల కిలోమీటర్లకి తీసి కొలిస్తే 0.7 పెట్టింది 0.8 దాటి ఉంది. అక్కడికి మార్చేయాలి. ఇంకో ఐదు వేలు లాగుదాం అనుకుంటే ఆ భారం కాయిల్ మీద పడుతుంది.

మూడోది ఇరీడియం, డెన్సో ఐకే20. ఇది చూస్తే ముచ్చటేస్తుంది, నడిమి ఎలక్ట్రోడ్ 0.4 మిల్లీమీటర్లు మాత్రమే, పెన్సిల్ ముల్లులా ఉంటుంది. అంత సన్నని కొన మీద నుంచి స్పార్క్ తక్కువ వోల్టేజీకే దూకుతుంది, ఇది ప్రకటన మాట కాదు, నిజమే. ఎన్‌జీకేలో దీని జోడీ బీకేఆర్6ఈఐఎక్స్, దాని కొన 0.6. ఐకే20 నేను పదివేల కిలోమీటర్లు నడిపాను. స్టార్టింగ్ చక్కగా ఉంది, ఐడిల్ చక్కగా ఉంది, తొక్కితే మిస్సింగ్ లేదు. పవర్ పెరిగిందా, మైలేజీ పెరిగిందా అంటే నాకైతే తెలియలేదు, ట్యాంకు నుంచి ట్యాంకుకి రాసుకున్న లెక్కల్లోనూ ఏమీ కనిపించలేదు. పెరగాల్సిన పని కూడా లేదు. పెట్రోలు సరిగ్గా అంటుకున్నాక అంతకంటే ఎక్కువ అంటించే ప్లగ్గు ఏదీ ఉండదు. కాయిల్స్ కాస్త బలహీనపడ్డ బండికి ఇది ఊతమిస్తుంది, కానీ అప్పుడు మార్చాల్సింది కాయిల్. ఒక్కోటి వెయ్యి రూపాయలు పెట్టాను, తీసి డబ్బాలో దాచాను, పాడైపోయాయని కాదు, కారణం కింద చెప్తాను.

నాలుగోది బీకేఆర్7ఈ, ఒక అంకె చల్లని నికెల్ ప్లగ్గు. టర్బో అంటే చల్లని ప్లగ్గే వేయాలి అని అందరూ అంటుంటే వేసి చూశాను. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లో రెండు నెలలు తిరిగాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే కొంచెం సేపు మూడు సిలిండర్ల మీద నడుస్తున్నట్టు కొట్టుకునేది. తీసి చూస్తే నాలుగూ నల్లగా, పొడి మసితో. నా తిరుగుడు ఇంటి నుంచి ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు, మధ్యలో సిగ్నల్స్, ప్లగ్గు కొన 450కి చేరేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. తప్పు ప్లగ్గుది కాదు, నా బండికి అది అక్కర్లేదు. నా ఫ్రెండ్ ఒకరికి ఇదే ఇంజిన్, మ్యాప్ మార్చి సుమారు 190కి తెచ్చుకున్నాడు, వారాంతాల్లో గట్టిగా నడుపుతాడు, అతని బండిలో ఇదే 7 హాయిగా ఉంది. నలభై పెంచినందుకు ఎన్‌జీకే చెప్పిన లెక్క ప్రకారం అతనికి 6 కూడా సరిపోవాలి, గ్యాప్ 0.7 కి తగ్గిస్తే. కానీ మన మే నెల ఎండలో, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చక్రం పక్కన మూలలో చిన్నగా ఉండే ఈ బండిలో, గట్టిగా తొక్కేవాడు ఒక అంకె జాగ్రత్త పడటం తప్పని నేను అనను. మార్పులేవీ చేయని స్టాక్ బండికి మాత్రం 6 దాటొద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ప్లాటినమ్ సెట్టు మూడు వేల రెండు వందలు, అరవై వేల కిలోమీటర్లు. నికెల్ సెట్టు వెయ్యి, పదిహేను వేలు, అంటే అరవై వేలకి నాలుగు సెట్లు, నాలుగు వేలు. చవక అనుకున్నదే చివరికి ఎక్కువైంది, పైగా నాలుగుసార్లు విప్పాలి. అయినా నేను నికెల్‌కే ఓటు వేస్తున్నాను, ఎందుకంటే ఆ నాలుగుసార్లు విప్పడమే నాకు కావాల్సింది. కొత్త బండి అయితే వేసి మర్చిపోవచ్చు. ఇరవై ఏళ్ల టర్బో ఇంజిన్‌ని అరవై వేల కిలోమీటర్లు లోపల ఏం జరుగుతోందో చూడకుండా నడపడం నాకు నచ్చదు. డాక్టరు ముందు నాలుక చాపమంటాడు చూడండి, ఇంజిన్‌కి ప్లగ్గు కొన అలాంటిది. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఒళ్లు బాగున్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, గాలి కొలిచే సెన్సరో కూలెంట్ టెంపరేచర్ సెన్సరో చూసుకోవాలి. తెల్లగా పాలిపోయి, పింగాణీ మీద మెరిసే సన్నని పూసల్లా కనిపిస్తే వేడి ఎక్కువైంది, పెట్రోలు తక్కువ పోతోందో ఎక్కడన్నా గాలి లీకవుతోందో, అది చూసేదాకా గట్టిగా తొక్కొద్దు. కొన మీద జిడ్డుగా ఆయిల్ ఉంటే లోపల నుంచి వస్తోంది, టర్బో సీలో వాల్వ్ సీలో రింగులో. కొన శుభ్రంగా ఉండి పైన మరలకీ షడ్భుజికీ ఆయిల్ ఉంటే అది వాల్వ్ కవర్ గాస్కెట్ లీకు, ఈ వయసు బళ్లలో మామూలే, చిన్న ఖర్చు, కానీ వదిలేస్తే ఆ ఆయిల్ కాయిల్ రబ్బరుని నానబెట్టి పాడు చేస్తుంది.

నా బండిలో రెండో సిలిండర్ గుంటలో ఆయిల్ నేను కనిపెట్టింది అలాగే, మొదటి నికెల్ సెట్టు మార్చేటప్పుడు. ఇరీడియం వేసి ఉంటే ఇప్పటికీ తెలిసేది కాదు. ఐకే20 డబ్బాలో పెట్టింది అందుకే. విప్పి చూసే ఓపిక లేనివాళ్లు, బండిని మెకానిక్‌కి వదిలేసేవాళ్లు మాత్రం పీఎఫ్ఆర్6క్యూ వేసుకోండి, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

నకిలీల గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఇరీడియం ప్లగ్గులు నాలుగూ పదిహేను వందలకే వస్తున్నాయని తెప్పించాను. డబ్బా దివ్యంగా ఉంది. ప్లగ్గు చేతిలోకి తీసుకుంటే పింగాణీ మీద అచ్చు కాస్త వంకరగా ఉంది, గోరుతో గీస్తే లేచొచ్చింది. మరల దగ్గర పూత గరుకుగా, వాషర్ చేత్తోనే వదులుగా తిరిగి ఊడిపోయేలా ఉంది. నడిమి ఎలక్ట్రోడ్ పక్క ఎలక్ట్రోడ్‌కి సరిగ్గా మధ్యలో లేదు. నాలుగింటి గ్యాపు నాలుగు రకాలు. మంచి ప్లగ్గుల్లో ఇవేవీ ఉండవు. పింగాణీ పగిలి సిలిండర్‌లో పడితే జరిగే నష్టం ముందు మనం ఆదా చేసిన రెండున్నర వేలు ఏపాటివి. వాటిని బండికి ఎక్కించలేదు. అప్పటి నుంచి బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొంటాను, కౌంటర్ దగ్గరే నాలుగు డబ్బాలూ విప్పి చూస్తాను, వాళ్లు విసుక్కున్నా సరే. నికెల్ ప్లగ్గుకి ఇక్కడ కూడా లాభముంది, ఖరీదైన రకాలకి ఉన్నంత నకిలీ బెడద దానికి నేను చూడలేదు.

మార్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పండి, హెడ్డు అల్యూమినియం, వేడి మీద విప్పితే మరలు పోతాయి. మా ఊరి ఎండల్లో నేను తెల్లవారుజామునే చేస్తాను. కాయిల్ కనెక్టర్ల ప్లాస్టిక్ క్లిప్పులు ఇన్నేళ్లకి బిస్కెట్లలా అయిపోయి ఉంటాయి, తొందరపడి లాగితే విరిగిపోతాయి, ఒక చేత్తో క్లిప్పు లేపి ఇంకో చేత్తో మెల్లగా. ప్లగ్గు విప్పే ముందు గుంటలోకి గాలి కొట్టండి, లేకపోతే దుమ్మంతా సిలిండర్‌లో పడుతుంది. 16 మిల్లీమీటర్ల ప్లగ్ సాకెట్, లోపల రబ్బరు ఉన్నది వాడండి. కొత్తది ఎక్కించేటప్పుడు ఎక్స్‌టెన్షన్ రాడ్డుని చేత్తోనే తిప్పాలి, రాచెట్ పెట్టకుండా. మర దారిలో పడితే వేళ్లతోనే చివరిదాకా వెళ్తుంది, మధ్యలో బిగుసుకుంటే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. చివరికి టార్క్ రెంచ్‌తో 30 న్యూటన్ మీటర్లు. రెంచ్ లేకపోతే కొత్త ప్లగ్గు వాషర్ ఆనాక అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు. ఇదే మోడల్ ఉన్న ఇంకొకరి బండికి ఒక షాపులో పొడుగు పిడి పెట్టి బలం కొద్దీ బిగించారు, తర్వాత విప్పితే ప్లగ్గుతో పాటు మరలు కూడా వచ్చేశాయి, కొత్త మరల కోసం ఇన్సర్ట్ వేయించడానికి ఆయనకి హెడ్డు దించాల్సి వచ్చింది. మరలకి గ్రీజు పూయకండి. ఎన్‌జీకే మరల మీద పూత దానికోసమే వేస్తారు, దాని మీద ఇంకేదో పూస్తే తెలియకుండానే ఎక్కువ బిగుసుకుంటుంది.

గ్యాప్ సరిచేయడం నికెల్‌లో తేలిక, ఫీలర్ గేజ్ పెట్టి పక్క ఎలక్ట్రోడ్‌ని మెల్లగా తట్టి దగ్గరకి తేవచ్చు. 0.2 కి మించి మార్చాల్సి వస్తే మీరు తప్పు ప్లగ్గు కొన్నారని అర్థం, నా 11 కథ అదే, దాన్ని 0.7 కి తెద్దామని చూడకుండా మార్చేశాం. ప్లాటినమ్, ఇరీడియం కొనల మీద గేజ్ ఆనించి తిప్పొద్దు, ఆ సన్నని కొన విరిగితే అంతే. ఉప్పుకాగితం పెట్టి రుద్దే అలవాటు కూడా వాటి దగ్గర మానుకోవాలి.

కొత్త ప్లగ్గులు వేశాక కూడా మిస్సింగ్ పోకపోతే వెంటనే ఇంకో రకం ప్లగ్గు కొనకండి. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే చిన్న ఓబీడీ రీడర్ పెట్టి చూడండి, పీ0302 అని వస్తే రెండో సిలిండర్. దాని కాయిల్ తీసి మూడో దానికి, మూడో దానిది రెండో దానికి మార్చి నడపండి. కోడ్ పీ0303కి మారితే కాయిల్ పోయినట్టే. ఆ కాలపు 1.8 టర్బోల్లో కాయిల్స్ విషయం ప్రపంచమంతా తెలిసిందే, 2003లో అమెరికాలో ఫోక్స్‌వాగన్ స్వయంగా కాయిల్స్ మార్చే కార్యక్రమం పెట్టింది. కాయిల్ కొనేటప్పుడు మాత్రం చవక చూడొద్దు. నేను పేరులేనిది ఒకటి వేసి మూడు నెలలకే పడేశాను. ఇంజిన్ లైట్ ఆగకుండా వెలుగుతూ ఉంటే ఇంటిదాకా నడపొచ్చు, ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే కాలు తేలిక చేసి నెమ్మదిగా పోనివ్వండి, కాలని పెట్రోలు పొగగొట్టం దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే మిస్సయితే ప్లగ్గు, కాయిల్. ఐడిల్‌లో మాత్రమే వణికితే ఎక్కువసార్లు వాక్యూమ్ గొట్టాలు, వాటి రబ్బరు ఈపాటికి చీలిపోయి ఉంటుంది.

ప్రస్తుతం నా బండిలో బీకేఆర్6ఈ రెండో సెట్టు ఉంది, గ్యాప్ 0.7, వేసి తొమ్మిది వేల కిలోమీటర్లు అయింది. వాల్వ్ కవర్ గాస్కెట్ మార్పించాను, రెండో గుంట పొడిగా ఉంది. కార్తీక మాసంలో మళ్లీ శ్రీశైలం వెళ్లొచ్చాం, అదే ఘాట్ రోడ్డు, అదే మూడో గేర్, ఈసారి రెండు లారీల్ని దాటాను, వెనక సీట్లో అమ్మ నిద్ర కూడా లేవలేదు.